మిసెస్ హేజ్ దిద్దిన వాక్యం

1984 ఫిబ్రవరి. న్యూజెర్సీలో పార్సిప్పనీ దగ్గర, హైవే పక్కన వరసగా ఉండే దుకాణాల్లో మాదొక ట్రావెల్ ఏజెన్సీ. ఒకవైపు డ్రై క్లీనింగ్ షాపు, రెండోవైపు కళ్ళజోళ్ళ షాపు. ఆఫీసులో ఆరుగురం. నేను తప్ప అందరూ తెల్లవాళ్ళే. చీర కట్టుకుని రావద్దని నాతో ఎవరూ అనలేదు గానీ, కట్టుకున్న రోజున మాత్రం ముందు గదిలో కూర్చోనిచ్చేవారు కాదు.

మాది కాకినాడ పక్కన తాళ్ళరేవు. వాల్తేరులో జాగ్రఫీ ఎమ్మే చదివాను. ఇక్కడ మొదట దొరికిన పని ఫైళ్ళు సర్దడం. ఐదేళ్ళకు బ్రోషర్లు రాసే పని చేతికొచ్చింది. బ్రోషర్ అంటే టూరులో ఏమేం చూపిస్తామో రంగుల బొమ్మలతో చెప్పే మడత కాగితం. అందులో మేం వర్ణించే చోట్లన్నీ మేం చూసినవి కావు. పరాయి దేశంలో మా తరఫున బస్సులు, హోటళ్ళు, గైడ్లు ఏర్పాటు చేసే సంస్థను గ్రౌండ్ ఆపరేటర్ అంటాం. వాళ్ళు ఉత్తరంలో నాలుగు ముక్కలు రాసి, కవర్లో పది ఫోటోలు పెట్టి పంపుతారు. వాటికి నగిషీలు చెక్కడం నా వంతు.

ఆ ఏడాది మా జపాన్ టూరులో కొత్తగా దక్షిణపు చివరి దీవులు చేర్చాం. అవి తైవాన్‌కి దగ్గర. ఇషిగాకి దీవిలో పచ్చని గాజులాంటి నీళ్ళ అఖాతం, పక్క దీవుల్లో ఎర్ర పెంకుల ఇళ్ళు, దున్నపోతు బండి మీద సవారీ, ఆ తర్వాత ఇరియోమొతె అనే పెద్ద దీవిలో అడవి, నది, జలపాతాలు. ఆ ఇరియోమొతె దక్షిణపు కొసన తెల్లటి ఇసుక తీరం ఫోటో ఒకటి వచ్చింది. దాని కింద ఇంగ్లీషులో నేను రాసింది ఇది: "మనిషి అడుగు పడని తీరం. ఇక్కడ ఎన్నడూ ఎవరూ నివసించలేదు." ఆపరేటర్ ఉత్తరంలో ఆ మాట లేదు. ఫోటోలో మనిషి కనపడలేదు కాబట్టి రాసేశాను. మా మేనేజర్ కెల్లర్ చదివి "బ్యూటిఫుల్!" అన్నాడు. నేను పొంగిపోయాను.

బ్రోషర్లు పోస్టులో వెళ్ళిన రెండు వారాలకు ఒకావిడ ఆఫీసుకొచ్చింది. యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మగవాళ్ళ చలికోటు, చేతిలో మా బ్రోషర్. ఒక స్కూల్ క్యాంటీన్లో వంట చేస్తుందట. పేరు చియో హేజ్. భర్త అమెరికన్ సైనికుడు, చనిపోయి మూడేళ్ళయింది. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది గానీ ఒక్క ముక్కా వృథాగా పోయేది కాదు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనండీ."

"నువ్వు అక్కడికి వెళ్ళావా?"

"లేదు."

"నేను వెళ్ళాను. పదిహేనేళ్ళప్పుడు. మాది ఎదురుగా కనిపించే చిన్న దీవి, హాతెరుమ. యుద్ధం చివర్లో మా జపాన్ సైన్యమే వచ్చి ఊరందరినీ ఇరియోమొతెకి పొమ్మంది. అక్కడ మలేరియా ఉందని మా పెద్దవాళ్ళందరికీ తెలుసు. అయినా సైన్యం వెళ్ళమంది. మా పశువుల్ని చంపించి, మమ్మల్ని పడవలెక్కించారు. ఈ ఇసుక పక్కనే ఆకుల పాకలు వేసుకున్నాం." ఆవిడ వేలు నా వాక్యం మీద ఆగింది. "నా తమ్ముళ్ళిద్దరూ ఇక్కడే పోయారు. షోకిచికి ఏడేళ్ళు. మాసావోకి నాలుగు. ఎవరూ నివసించలేదని నువ్వు ఎలా రాశావు?"

పొరపాటైందన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"పొరపాటంటే తెలిసింది తప్పుగా రాయడం. నీకు తెలియదు. తెలియకుండా రాశావు. మార్చు."

కెల్లర్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను చెడ్డవాడు కాదు, మర్యాదగానే విన్నాడు. బ్రోషర్లు అచ్చయిపోయాయన్నాడు. "మేడమ్, జనం మా దగ్గరికి సంతోషం కోసం వస్తారు. సెలవుల్నీ చావుల్నీ ఒకే పేజీలో పెట్టలేను" అన్నాడు.

"అయితే నన్ను టూరులో పెట్టు" అంది ఆవిడ. "నేను చెప్పుకుంటాను." అక్కడికక్కడే ఫారం నింపి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆవిడ కారు కదిలాక కెల్లర్ ఫారం నా బల్ల మీద పెట్టాడు. "వెయిట్‌లిస్టులో వెయ్యి." సీట్లు నిండిపోతే, ఎవరైనా మానుకుంటారేమోనని తర్వాతివాళ్ళ పేర్లు రాసి ఉంచే జాబితా అది. అప్పటికి ఆ టూరులో సగం సీట్లు ఖాళీ.

"సీట్లున్నాయి కదా?"

"లేవని ఉత్తరం టైప్ చెయ్యి. గ్రూపు మూడ్ పాడుచేస్తుంది."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే మా ఆయన గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగారు. ఆయన ఒక కంపెనీలో ఇంజనీరు, నిదానస్తుడు.

"సుభద్రా, నువ్వు అనవసరంగా ఇన్వాల్వ్ అవుతున్నావేమో. ఒక లెటర్ టైప్ చేసి పారేస్తే అయిపోయేదానికి జాబ్ రిస్క్ చేస్తావా?"

"అబద్ధం మొదలుపెట్టింది నేనేనండీ. దాని మీద ఇంకోటి ఎక్కించమంటున్నాడు. ఆవిడ మొహం చూసినవాళ్ళెవరూ ఆ లెటర్ టైప్ చెయ్యలేరు."

ఆయన మళ్ళీ గరిటె అందుకుని, "సరే, చెయ్యకు. పోతే పోయింది, చూసుకుందాం" అన్నారు.

మర్నాడు మిసెస్ హేజ్ సీటు కన్ఫర్మ్ చేసి, ఆ కాగితం నేనే కెల్లర్‌కి ఇచ్చాను. ఇన్నేళ్ళలో అతని మాట కాదనడం అదే మొదలు. అతని మొహం జేవురించింది. "అయితే ఎస్కార్టుగా నువ్వే వెళ్ళు. ఆవిడ నోరు అదుపులో పెట్టు. ఒక్క కంప్లైంట్ వచ్చినా నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు. ఎస్కార్టంటే గుంపు వెంట వెళ్ళి మంచీచెడ్డా చూసుకునే మనిషి. ఇండియన్ని ఎస్కార్టుగా పంపడం మా ఆఫీసులో అంతకుముందు లేదు. శిక్ష అనుకుని ఇచ్చిన పనిని నేను రెండు చేతులా అందుకున్నాను.

అక్టోబర్లో బయల్దేరాం. మొత్తం పన్నెండుమందిమి. ఇషిగాకిలో అద్దాల అడుగున్న పడవలోంచి పగడాలు చూశాం. పక్క దీవిలో దున్నపోతు బండి తోలే ముసలాయన మూడు తీగల వాయిద్యం మీటుతూ పాడుతుంటే మిసెస్ హేజ్ గొంతు కలిపింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా ఆవిడంటే గుంపులో అందరికీ ఇష్టమే.

ఇరియోమొతెలో నది మీదికి వెళ్ళేసరికి నేను పడవ అంచు పట్టుకుని ముందుకు వంగాను. రెండు గట్లా మడ చెట్లు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, ఆటుకి నీళ్ళు తగ్గి బయటపడ్డ పీతల బొరియలు, ఆ ఉప్పు నీటి వాసన. అచ్చం మా ఊరి పక్కన కోరంగి అడవి. మా ఊరి పెద్దలు కూడా మడ అడవి వైపు చెయ్యి ఊపి "అటేముంది, ఎవరూ ఉండరు" అనేవారు. అటునుంచే రోజూ పీతలు పట్టి తెచ్చేవాళ్ళు మా వీధిలో బుట్ట దింపేవారు. వాళ్ళు ఏ ఇంట్లో ఉంటారని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ పడవలో కూర్చుని సిగ్గుపడ్డాను.

మధ్యాహ్నం దక్షిణపు తీరానికి చేరాం. ఫోటో కంటే వెయ్యి రెట్లు బాగుంది. దూరంగా సముద్రం మీద చాప పరిచినట్టు హాతెరుమ. మా గైడు కుర్రతనం వదలని మనిషి, ఇషిగాకివాడు. జెండా ఎత్తి, బట్టీపట్టిన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: "మనిషి అడుగు పడని తీరం. ఇక్కడ ఎన్నడూ ఎవరూ నివసించలేదు."

నా వాక్యమే. మేం పంపిన బ్రోషర్ చూసి నేర్చుకున్నాడు.

మిసెస్ హేజ్ ముందుకు నడిచి అతని చేతిలో జెండా కిందికి దించింది. జపనీస్‌లో రెండు మాటలు చెప్పింది. అతను తల వంచుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగి, ఆఫీసులో నాతో చెప్పిందంతా చెప్పింది. పాకలు ఎక్కడ ఉండేవో, నీళ్ళు ఎక్కడ ముంచుకునేవారో, చలిజ్వరంతో వణికేవాళ్ళ మీద కప్పడానికి దుప్పట్లు లేక ఆకులు ఎలా కప్పేవారో. తమ్ముళ్ళ పేర్లు గట్టిగా పలికింది. కంట తడి లేదు.

గుంపులో ఒక రిటైర్డ్ డెంటిస్టు ఉన్నాడు. నా దగ్గరికొచ్చి, "మేం బీచ్ చూడటానికి వచ్చాం. ఇదింకా సాగనిస్తావా?" అన్నాడు.

అతని వైపు తిరిగి చెప్పాను. "సాగనిస్తాను. మీకు వినాలని లేకపోతే బస్సు ఆ పక్కనుంది."

అతను వెళ్ళి బస్సులో కూర్చున్నాడు. వెనకాలే మరో ఇద్దరు. మిగిలినవాళ్ళు నిలబడ్డారు.

మిసెస్ హేజ్ వెళ్ళినవాళ్ళ వైపు చూడనైనా లేదు. "ఈ తీరం అందంగా లేదని నేనట్లేదు" అంది. "చాలా అందంగా ఉంది. మా మాసావో పోయిన రోజున కూడా సముద్రం ఇదే రంగులో ఉంది. దాన్ని చూడండి. బాగా చూడండి. మా వాళ్ళని కూడా కలిపి చూడండి."

సంచిలోంచి అన్నం ముద్దలు మూడు తీసింది. పొద్దున్నే సత్రం వంటింట్లోకి వెళ్ళి చేయించుకుందట. వాటిలో రెండు తమ్ముళ్ళ కోసం ఒక చెట్టు మొదట్లో పెట్టి, మూడోది అక్కడే కూర్చుని తినేసింది. తర్వాత బూట్లు విప్పి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి నన్ను పిలిచింది.

"ఫోటో తియ్యి."

"ఇక్కడా?"

"నేను కూడా టూరిస్టునే. డబ్బు కట్టాను. ఆ రోజుల్లో ఈ నీళ్ళలో దిగి ఆడుకోవడానికి ఒంట్లో ఓపిక లేదు. నవ్వుతాను, తియ్యి."

నవ్వింది. తీశాను. ఫోటో కాస్త మసకగానే వచ్చింది. ఆవిడ దాన్నే కావాలని అడిగి తీసుకుంది.

న్యూజెర్సీ చేరిన వారానికి డెంటిస్టు ఫిర్యాదు ఉత్తరం వచ్చింది. కెల్లర్ దాన్ని నాకు చదివి వినిపించాడు. నేను క్షమాపణ చెప్పలేదు. విమానంలో రాసుకొచ్చిన కొత్త పేరాను ఆయన ముందు పెట్టాను. హాతెరుమ ప్రజల్ని ఇక్కడ ఉంచారనీ, చాలామంది వెనక్కి వెళ్ళలేదనీ అందులో ఉంది. ఆయన చదివి, నా ఉద్యోగం తీసెయ్యలేదు, ఆ పేరా వెయ్యనూ లేదు. మరుసటి ఏడాది టూరులోంచి ఇరియోమొతెనే ఎత్తేశాడు. నన్ను మళ్ళీ ఫైళ్ళకి పంపాడు. మూడు నెలలు చూసి రాజీనామా ఇచ్చాను.

ఇరియోమొతెని తీసేశారని మిసెస్ హేజ్‌కి ఫోన్లో చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. "అబద్ధం చెప్పి పంపేకంటే పంపకపోవడమే నయం. నువ్వు ఇంకోచోట పనిచేస్తావుగా, అక్కడ రాయి" అంది.

రాశాను. ఎడిసన్ అనే ఊళ్ళో నేను చేరిన చిన్న ఏజెన్సీ రెండేళ్ళ తర్వాత ఆ దీవులకు టూరు పెట్టింది. పేరా అక్షరం మారకుండా అచ్చయింది. ఎవరూ రారని ఆఫీసులో అన్నారు. పెద్ద గుంపేమీ రాలేదు గానీ, టూరు వెళ్ళింది.

ఈ వృత్తి అందాన్ని అమ్ముకునేదని నాకు తెలుసు, అందుకు చిన్నబోను. అందమైన చోటు ఖాళీ చోటు అయి తీరాలనుకోవడం మాత్రం ఆ టూరుతో మానేశాను. ఏ కొత్త చోటు గురించి రాయాలన్నా ముందు గ్రౌండ్ ఆపరేటర్‌కి ఉత్తరం రాసి, అక్కడ ఎవరుంటారు, ఇంతకుముందు ఎవరుండేవారు అని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. ఒకాయన ఫోన్ చేసి మరీ, "మేడమ్, మీ కస్టమర్లెవరూ ఇది అడగరే?" అన్నాడు.

"వాళ్ళు అడగరు. నేను అడుగుతున్నాను. కనుక్కుని చెప్పండి, లైన్లోనే ఉంటాను" అన్నాను.