సుందరం సారుకు వచ్చిన మార్కులు

బళ్లారి పాత మిషన్ సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా ముందు సుందరం సారుకే కబురు వెళ్లేది. మిషన్ హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. వచ్చి, చెప్పులు బయట విడిచి, ఏడ్చేవాళ్ల పక్కన ఊరికే కూర్చునేవాడు. ఆయన కూర్చుంటే చాలు, ఇల్లు కాస్త కుదుటపడేది. భార్య కృపమణి మీద ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. కూతురు వినీలకు పదో తరగతి దాకా జడ వేసింది ఆయనే.

ఇనుప మన్నుకు ఎక్కడలేని ధర వచ్చిన రోజులవి. కప్పగల్లు రోడ్డులో ఆ మన్ను నిల్వచేసే స్టాకు యార్డు పెట్టినవాళ్లు, లారీలు తూచే కాటా దగ్గర నమ్మకమైన మనిషి కావాలని సారును పెట్టుకున్నారు. ఆ కాలంలో ఊరు ఊరంతా మారిపోతూ ఉండేది. పొలాన్ని మన్ను తవ్వేవాళ్లకు అమ్మిన అన్నదమ్ములు కోర్టుకెక్కారు. మొన్నటిదాకా వంగి నమస్కారం పెట్టినవాడు కారు అద్దం కూడా దించడం మానేశాడు. ఫలానా మంచివాడు చెడిపోయాడంటే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు.

అందుకే సారు మారినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు.

మొదట బయటపడింది కంప్లిలో. కృపమణి చెల్లెలు గ్లోరియా చనిపోయింది. శవపేటిక ఇంకా నట్టింట్లోనే ఉంది. సారు గోడకు ఆనుకుని, అందరికీ వినబడేటట్టు, "అన్నం ఎప్పుడు పెడతారప్పా? ఆకలయితాండాది" అన్నాడు.

కృపమణి ఆయన చెయ్యి పట్టుకుని, "సుమ్నె ఉండు, మాట్లాడొద్దు, నీకు దండం పెడతా" అంది.

ఆయన నవ్వాడు. గ్లోరియా పిల్లలు తలెత్తి చూశారు. వచ్చేటప్పుడు బస్సులో కృపమణి ముఖం కిటికీ వైపే పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె సంచిలోని అరటిపళ్లన్నీ ఒక్కొక్కటే తినేశాడు.

తర్వాత ఒక ఆదివారం చర్చిలో, కానుక పళ్లెం తన ముందుకు రాగానే అందులోంచి పిడికెడు నోట్లు తీసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చేసరికి గేటు ముందరి బండి దగ్గర నిలబడి వగ్గాని, మిరపకాయ బజ్జీ తింటున్నాడు. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. కాటా దగ్గర లారీ డ్రైవర్ల అన్నం డబ్బాలు విప్పుకుని తింటున్నాడని యార్డువాళ్లు ఇంటికి పంపేశారు. ఒకరోజు వినీల పనిచేసే బడికి పోయి చిన్నపిల్లల టిఫిన్లు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి వినీల నాయనతో మాట్లాడడం మానేసింది.

"మన్ను డబ్బు తలకెక్కింది" అన్నారు సంఘంలో.

ఆ ఏడే బెంగళూరు నుంచి డాక్టర్ల బృందం ఒకటి చర్చి హాల్లో క్యాంపు పెట్టింది. అరవై దాటినవాళ్లలో మతిమరుపు జబ్బు ఎవరికుంది, ముందు ముందు ఎవరికి రావచ్చు అని పరిశోధన. కృపమణికి ప్రాణం లేచొచ్చింది. ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకుపోయింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగల పిల్ల. కన్నడంలో ఒక్కొక్కటే అడిగింది. ఈరోజు ఏ వారం? ఇది ఏ జిల్లా? నూరులోంచి ఏడేడు తీసేస్తూ పోండి. మూడు మాటలు చెప్తాను, కాసేపాగి మళ్లీ చెప్పండి. సారు అన్నీ చెప్పాడు. తడుముకోలేదు. కాటా దగ్గర లెక్కలు చేసిన మనిషికి ఏడేడు తీసేయడం ఒక లెక్కా?

"మంచి మార్కులు వచ్చినాయమ్మా. జ్ఞాపకం బాగుంది" అని డాక్టరమ్మ కన్నడంలోనే చెప్పింది.

కృపమణికి కన్నడం వచ్చు. కానీ ఆ నిమిషంలో నోట తెలుగే వచ్చింది. "జ్ఞాపకం బాగానే ఉండాది తల్లీ. మనిషే లేడు. నా మొగుడు యాడికో పోయినాడు."

డాక్టరమ్మకు తెలుగు సగమే అర్థమైంది. ఇంట్లో ఏదో గొడవ ఉందనుకుంది. మనసు నెమ్మదించడానికని మాత్రలు రాసి, మరొకరిని పిలిచింది.

ఆ మార్కులు సారు మెడకు ఉరి అయినాయి. అంతవరకు 'పాపం, ఏమైందో' అన్నవాళ్లు కూడా నోరు మూసుకున్నారు. సంఘ పెద్ద జాబెజ్ ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు.

"రోగమైతే ప్రార్థన చేద్దుము కృపమ్మా. డాక్టర్లే బాగుండాడని చెప్పిరి గదా. అంటే తెలిసే చేస్తాండాడు."

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు భోజనం నుంచి సారును తప్పించారు. కృపమణి కూడా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? చదువుకున్నవాళ్లు పరీక్షపెట్టి చెప్పిన మాట. ఒక మధ్యాహ్నం పక్కింటి హనుమమ్మ వచ్చి, మా వంటింట్లో దూరి కుండ ఖాళీ చేసినాడని అరిచిపోయాక, కృపమణి మొగుణ్ణి చెంపమీద కొట్టింది. బతుకులో మొదటిసారి. ఆయన చెంప రుద్దుకున్నాడు. "ఇంగా ఏముండాది తినేకి?" అన్నాడు.

పరిశోధనలో భాగంగా, కొన్నేళ్లకు డాక్టరమ్మ అదే మనుషుల్ని మళ్లీ చూడటానికి వచ్చింది. అప్పటికి సారుకు మాటలు పడిపోయి ఒకటీ రెండూ మిగిలాయి. కాగితం, గుడ్డ, ఏది దొరికినా నోట్లో పెట్టుకునేవాడు. ఆమె ఈసారి ప్రశ్నలు పక్కనపెట్టి, చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత బెంగళూరుకు పిలిపించి స్కానింగ్ తీయించింది.

"మెదడు ముందుభాగం కుంచించుకుపోయిందమ్మా" అంది. "సిగ్గు, జాలి, ఎదుటి మనిషి బాధ తెలియడం... కొందరికి జ్ఞాపకం కంటే ముందు అవే పోతాయి. మేము అప్పుడు అడిగినవన్నీ జ్ఞాపకం గురించే."

"ఎప్పటినుంచి?"

"ఆ క్యాంపుకు ముందే మొదలై ఉంటుంది."

"మందు?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటితో కృపమణికి పని లేదు. "కొట్టినానమ్మా" అంది ఒక్కటే మాట.

సంగతి తెలిసి వినీల మూడేళ్ల తర్వాత మొదటిసారి తండ్రి మంచం దగ్గర కూర్చుంది. "నాయనా, నేను వినీలను" అంది. ఆయన ఆమె చేతిసంచిలో చెయ్యిపెట్టి వెతికాడు. తినడానికేమీ లేకపోయేసరికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ వానాకాలంలోనే, గొంతుకు పట్టిన అన్నం ఊపిరితిత్తుల్లోకి దిగి, జ్వరమొచ్చి పోయాడు.

చనిపోయిన తర్వాత డాక్టరమ్మ ఒకసారి ఫోన్ చేసింది. సారు వాళ్ల నాయనకు ఇట్లాంటిది ఏమైనా ఉండేదా అని అడిగింది. ఉండేదో లేదో కృపమణికి తెలియదు. ముసలాయన్ను చివరి రోజుల్లో ఇంట్లోంచి తరిమేశారని మాత్రం విని ఉంది. ఎందుకు తరిమేశారో ఎవరూ చెప్పలేదు.

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి దిగుతుందనీ, వినీల కావాలంటే రక్తం పరీక్ష చేయించుకోవచ్చనీ, అది ఉంటే ముందే తెలుస్తుందనీ డాక్టరమ్మ జాగ్రత్తగా చెప్పింది. తెలిసినా ఆపే మందు ఇప్పటికైతే లేదనీ చెప్పింది.

ఫోన్ పక్కనే కూర్చుని విన్న వినీల, "తెలుసుకొని ఏం చేసేదమ్మా?" అంది.

వినీల పరీక్ష చేయించుకోలేదు. రోజూ బడికి పోతుంది, వస్తుంది. ఏ సాయంత్రమైనా అలిసి వచ్చి విసురుగా ఒక మాట అంటే, కృపమణి చేతిలో పని ఆపి కూతురి ముఖంలోకి చూస్తుంది.

"అట్ల చూడొద్దమ్మా" అంటుంది వినీల.

చూడకుండా ఉండటం ఆ తల్లికి చేతకావడం లేదు.