అత్తగారిని పిలిచిన సర్వరు

కుదిరిన పెళ్లిని ఒక్క టిక్కు మార్కుతో ఎలా చెడగొట్టుకోవాలో మీలో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. ఆ విద్యలో నేను దాదాపు పట్టా పుచ్చుకున్నదాన్ని.

అప్పట్లో రోజూ రేపల్లెలో పాసింజరెక్కి తెనాలిలో ఓ కంటి ఆసుపత్రికి వెళ్లేదాన్ని. అక్కడి కంప్యూటర్లన్నిటికీ దిక్కు నేనే. ఉన్నది ఒకటే సర్వరు. ఒకే ఇంటిని వాటాలేసి అద్దెకిచ్చినట్టు దాని లోపల మూడు వర్చువల్ మెషిన్లు పెట్టాను. ఒకటి బిల్లులు కొట్టేది. రెండోది హాల్లో స్పీకరు మీద పేషెంట్లను పేరు పెట్టి పిలిచేది. మూడోది ఆ రెండోదానికి నకలు, నా ప్రయోగాల కోసం.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వీటిని ఒక్కొక్కటిగా లేపాలి. నేనలా టీ గ్లాసు పట్టుకుంటానో లేదో, రిసెప్షన్‌లోంచి కోటేశ్వరక్క కేక పెట్టేది.

"అమ్మాయ్! కరెంటొచ్చింది. నీ మిషన్లింకా పడుకునే ఉన్నాయి!"

విసుగెత్తి ఓ ఏర్పాటు చేశాను. సర్వరు లేవగానే మెషిన్లు కూడా వాటంతటవే లేచి, తెర మీద విండో అయినా తెరవకుండా, వెనకాల సర్వీసుల్లా నడిచిపోవాలి. ఏవేవి లేవాలని కంప్యూటరు అడిగితే 'అన్నీ' అన్న గడిలో టిక్కు కొట్టాను. ఫైలు మీద సంతకం చేసే మంత్రిగారిలో కూడా అంత ఠీవి ఉండదు.

ఈ ఘనకార్యం చూపించడానికి ఊళ్లో ఎవరూ దొరకనట్టు, బాపట్ల నుంచి కాబోయే అత్తగారిని కంటి పరీక్షకని రప్పించాను. సువార్తమ్మగారు రిటైరైన టీచరు. నిశ్చితార్థంనాడు నా చేతి వంట తిని, "అమ్మాయికి చదువుంది కానీ పులుసు రాదు" అని అందరి ముందూ మార్కులేసి వెళ్లిన మనిషి.

ఆవిడ హాల్లో కూర్చున్నారో లేదో కరెంటు పోయింది.

"చూస్తూ ఉండండి అత్తయ్యగారూ. కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండానే అన్నీ లేస్తాయి" అన్నాను.

కరెంటొచ్చింది. అన్నీ లేచాయి. అవునండి, అన్నీ!

"కొల్లిపర వెంకట్రావుగారు, రెండో గదికి రండి" అంది రెండో మెషిన్.

ఆ వెనకే మూడోది అందుకుంది. "బాపట్ల సువార్తమ్మగారు, పులుసుకి వంక పెట్టిన మీ నాలుకకి కుట్లు వేయాలి. ఆపరేషను గదికి రండి."

నిశ్చితార్థం మర్నాడు, మూడో మిషను గొంతు సరిగ్గా పలుకుతుందో లేదో చూద్దామన్న నెపంతో, కడుపుమంటంతా కక్కి నేను రాసిన వాక్యమది. చెరపడం మర్చిపోయాను.

హాలంతా గొల్లున నవ్వింది. వెంకట్రావుగారు మాత్రం నోటికి కండువా అడ్డం పెట్టుకుని, "కుట్లు నాకు కాదు కదమ్మా?" అన్నారు.

నేను సర్వరు గదిలోకి పరిగెత్తాను. మూసేద్దామంటే విండో ఉంటేగా! వెనకాల నడవమన్నది నేనే. ఆపే కమాండు మాట అటుంచి, ఆ కంగారులో నా పేరే గుర్తు రావడం లేదు. సర్వరు మొత్తాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశాను. లేవగానే లేవమన్నదీ నేనే కదా! బుద్ధిమంతురాలిలా లేచి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"బాపట్ల సువార్తమ్మగారు..."

స్పీకరు వైరు పీకి పారేసి హాల్లోకొచ్చాను. అత్తగారు లేచి నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మాయ్ ఇది?"

"ఏం లేదండి... టెస్టింగండి. మిషను పొరపాటండి."

"మిషనుకి పులుసు సంగతి ఎవరు చెప్పారు?"

ఉంగరం తీసి ఇచ్చేయడమెలాగా అని వేలు తడుముకుంటుంటే డాక్టరుగారు బయటికొచ్చారు.

"స్పీకరు పోయిందిగా, నువ్వే పిలువమ్మా" అన్నారు.

ఆ పూటంతా నేనే అరిచాను. అత్తగారు ముందు బెంచీలో కూర్చుని, "గట్టిగా! వెనక వరసకి వినబడట్లేదు" అని దిద్దుతూనే ఉన్నారు. చివరికి ఆవిడ వంతు వచ్చింది. ఆ పేరు దాటేసి కింది పేరుకి దూకబోయాను.

"పిలువు. ఇందాక బాగానే పిలిచావుగా!" అన్నారు.

పరీక్ష చేయించుకుని బయటికొచ్చాక డాక్టరుగారితో ఒకటే మాటన్నారు. "కళ్లు మసకైతే అయ్యాయి లెండి, చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయని మీ ఆసుపత్రిలో రుజువైంది." అని, అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి వదిలేశారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పెళ్లి జరిగింది. పులుసు మాత్రం ఇప్పటికీ ఆవిడే పెడతారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ దేవుని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అత్తగారి మీద నాకేవైనా అభిప్రాయాలుంటే అవి బ్యాక్‌గ్రౌండులోనే నడుస్తాయి. స్పీకరుకి మాత్రం కలపనుగాక కలపను.