పెట్రోల్ ట్యాంకు సాక్ష్యం

మా పెద్దనాన్న ప్రభువునందు నిద్రించాడని శుక్రవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే అమీర్‌పేటలోని మా చర్చిలో అంతిమ ఆరాధన. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఎవరి దగ్గరో విన్నట్టున్నారు, పెద్దనాన్న సువార్త వ్యాన్ ప్రార్థనతో స్టార్టయ్యేదని చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు. అలవాటుగా నేనూ అన్నాను. శవపేటిక పక్కన కూర్చున్న పెద్దమ్మ తల ఎత్తి నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి పెద్దనాన్న ఎంత నలిగాడో ఎరిగిన పాతవాళ్లలో మిగిలింది మేమిద్దరమే. లేచి చెప్పే ధైర్యం చాల్లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అది పాతకాలపు పెట్రోల్ వ్యాన్. వెనక సీట్లు పీకించి పడుకోవడానికి బల్లలు, కిరోసిన్ స్టవ్, నీళ్ల డ్రమ్ము పెట్టించాడు. సెలవులొస్తే పెద్దమ్మను, డిగ్రీ చదివే నన్ను ఎక్కించుకుని ఊరూరా సువార్తకు బయల్దేరేవాడు. వంటా అందులోనే, పడకా అందులోనే. ఆఫీసులో గుమాస్తా, వ్యాన్‌లో మహారాజు. చెప్పులు బయట విడిస్తేనే ఎవరినైనా ఎక్కనిచ్చేవాడు. "దేవుని పని దేవుడు చేస్తడు, నట్లు మాత్రం మనమే బిగించాలె" అనేవాడు.

దాని జబ్బు ఒకటే. కొంత దూరం పోగానే దగ్గి ఆగిపోయేది. ఆయన దిగి, ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి పెట్రోల్ ఉందో లేదో చూసి, మళ్లీ మూత బిగించేవాడు. తర్వాత అందరం వ్యాన్ మీద చేతులుంచి ప్రార్థన చేసేవాళ్లం. తాళం తిప్పితే స్టార్టయ్యేది. ఇక ఆదివారం చర్చిలో లేచి, దేవుడే బండి నడిపించాడని అదే సాక్ష్యం చెప్పేవాడు. ఒకామె జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఎత్తుకొచ్చి, జ్వరం తగ్గుతుందని ఆ బానెట్‌కు పిల్ల చెయ్యి ఆనించి తీసుకుపోయింది కూడా.

ఒకరోజు పంజాగుట్ట చౌరస్తాలో ఆగింది. వెనక హారన్లు. ట్రాఫిక్ పోలీసు వచ్చి, "అన్నా, జర పక్కకు తియ్యే, మస్తు జామైతుంది" అన్నాడు. ఆ కంగారులో పెద్దనాన్న పుల్ల సంగతి మరిచి నేరుగా ప్రార్థన మొదలుపెట్టాడు. స్టార్ట్ కాలేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా చేశాడు. కాలేదు. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి చూసి నవ్వుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. చివరికి పెట్రోల్ చూద్దామని మూత తీశాడు. ట్యాంకు గాలి పీల్చుకుని ఉస్సుమంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఇంటికొచ్చాక ఆ మూత బిగించి, తీసి, మళ్లీ బిగించి చూశాడు.

మర్నాడు మూత గట్టిగా బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఖైరతాబాద్ దాటేసరికి ఆగింది. "నువ్వు సుత ప్రార్థన చెయ్యకురా. మనసుల సుత వద్దు" అన్నాడు. దిగి, మూత తీసి పెట్టాడు, అంతే. స్టార్టయింది.

ఇంటికొచ్చి వ్యాన్ కింద దూరాడు. ట్యాంకులోకి గాలి పోయే సన్నటి రబ్బరు పైపు లాగి చూస్తే, కొసలో కుక్కిన గుడ్డ. ఆయన జేబురుమాలే. పెట్రోల్ వాసనకు నిద్ర పట్టడం లేదని పెద్దమ్మ అన్నందుకు ఎప్పుడో తానే కుక్కి మరిచిపోయాడు. గాలి అందక ట్యాంకు పెట్రోల్‌ను వదిలేది కాదు. పుల్ల ముంచడానికి మూత తీసినప్పుడల్లా గాలి దొరికేది.

"పోనియ్యుండ్రి, ఎవలకెరుక?" అంది పెద్దమ్మ.

"గా తల్లి మల్ల జ్వరమొస్తే పిల్లను దవాఖానకు తీస్కపోదు. నా బండి కాడికే తెస్తది" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచాడు. "దేవుడు చేసిండని నేను చెప్పింది దేవుడు చెయ్యలే. పైపుల గుడ్డ కుక్కింది నేను. మీతోని అబద్ధానికి స్తోత్రం చెప్పించిన" అన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి అయ్యగారు ఏం చేయాలో తోచక, "సరే, బండి కోసం ఒకసారి ప్రార్థన చేద్దాం" అన్నారు.

"బండి మంచిగనే ఉన్నది అయ్యగారూ. నాకు చెయ్యుండ్రి" అన్నాడు పెద్దనాన్న.

ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, అందరూ చూస్తుండగా మగవాళ్ల వైపు నడిచి వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది.