నంద్యాల ఫాంటు

ఇస్సాకు చేతుల మీదుగా నంద్యాలలో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో లెక్క లేదు. ఒక్క పెళ్లిలోనూ అతను విస్తరి ముందు కూర్చోలేదు. పాత బస్టాండు వెనక ఆనందరావు డీటీపీ సెంటర్‌లో శుభలేఖలు కొట్టడం అతని పని. పైన వినాయకుడు, మధ్యలో వధూవరులు, కింద బంధుమిత్రుల అభినందనలు. పదో తరగతి తప్పి ఆళ్లగడ్డ నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. ఇంగ్లీషు అతనికి ఎవరూ చెప్పలేదు. పాత పేపర్ల అంగట్లో కంప్యూటర్ పత్రికలు తూకానికి కొనుక్కుని, అర్థమయ్యేదాకా చదివి నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా ఊళ్లోవాళ్ల శుభలేఖలకే సరిపోతున్నదని లోపల రగిలిపోయేవాడు.

2007లో ఓబులాచారి ఆ సెంటర్ మెట్లెక్కాడు. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే ముసలాయన. ఆయన కొట్టం సందులో ఉంది. బేరాలన్నీ రోడ్డు మీద బోర్డు పెట్టినవాళ్లకే పోతున్నాయి. విజిటింగ్ కార్డులు కావాలన్నాడు.

“కార్డులెందుకు సామీ? వెబ్‌సైట్ పెట్టుకో” అన్నాడు ఇస్సాకు.

“అదేందబ్బీ, టీవీలో వస్తాదా?”

“కంప్యూటర్లో. యాడో షోలాపూర్లో కూసున్నోడు గూడా నీ విగ్రహాలు సూడొచ్చు.”

“సూసి?”

“నీకు ఫోన్ చేస్తాడు.”

ఆనందరావు పక్కనుంచి తల తిప్పకుండానే అన్నాడు. “నా అంగట్లో కూసోని నా కార్డులు వద్దంటాండావ్. శానా తెలివొచ్చింది నీకు.”

అయినా ఓబులాచారి ఒప్పుకున్నాడు. హైదరాబాదులో ఒక కంపెనీ సైటు కట్టి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్సాకు చేతిలో పెట్టింది. ఆ రెండూ కొడితే కంట్రోల్ ప్యానెల్ తెరుచుకునేది. అందులోంచి లోపలికి పోతే పేజీలు తనే రాసుకోవచ్చు, ఫోటోలు తనే పెట్టుకోవచ్చు, కంపెనీవాణ్ని బతిమాలే పని లేదు. ‘పబ్లిష్’ అన్నచోట నొక్కితే లోకమంతా చూస్తుంది. పై మూలన ‘అడ్మినిస్ట్రేటర్ ఇస్సాకు’ అని ఉండేది. దాన్ని చూసుకోవడానికే కొన్నిసార్లు లాగిన్ అయ్యేవాడు.

“కంట్రోల్ ప్యానెల్ అంటే బోరు కాడ ఉంటాదే, అదేనా?” అని అడిగాడు ఓబులాచారి.

“అట్లాంటిదే సామీ.”

“మరి కరెంటు పోతే?”

“ఇది మన కరెంటు మీద నడవదు సామీ.”

“బతికించినావ్” అన్నాడు ముసలాయన.

ఫోటోలు తీయడానికి ఇస్సాకు ఆళ్లగడ్డ పోయాడు. కొట్టంలో నరసింహస్వాములు, లక్ష్మీదేవులు, ఆంజనేయులు వరసగా నిలబడి ఉన్నారు. గోళ్ల దాకా, నగల దాకా అంతా చెక్కి ఉంది గానీ ఒక్కరికీ కండ్లు లేవు. రెప్పల చోట నున్నని రాయి. ఓబులాచారి ఇంట్లో తాతల నాటి పద్ధతి అది. కొన్నవాళ్లు వచ్చి, ముహూర్తం పెట్టుకుని, ఎదురుగా కూర్చుంటేనే కండ్లు తెరుస్తారు. గిరాకీ దొరకని దేవుడికి చూపు ఇవ్వరు.

వెలుతురు పడేటట్టు ఒక విగ్రహాన్ని జరపాలి. మాలపేట పిల్లవాడు కాబట్టి ఇస్సాకు చేయి చాచబోయి ఆగాడు.

“పట్టుకోబ్బీ” అన్నాడు ఓబులాచారి. “కండ్లు తెరిసేదాకా అది రాయే. ఎవురైనా ముట్టొచ్చు.”

తెరిచాక సంగతి ఆయన చెప్పలేదు. ఇస్సాకు అడగలేదు.

కండ్లు లేని దేవుళ్లను చూసి కొత్తవాళ్లు ఏమనుకుంటారోనని అతనికి భయం పట్టుకుంది. అందుకే మొదటి పేజీలో, ఫోటోల పైన, ఆ పద్ధతి గురించి తెలుగులో రాశాడు. కార్డుల మధ్య తీరిక దొరికినప్పుడల్లా రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. ‘ఈ విగ్రహాలు అసంపూర్ణం కావు. మీ రాక కోసం కండ్లు మూసుకుని ఉన్నాయి’ అన్న వాక్యం కుదిరిన రోజు టీ కూడా తాగకుండా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పబ్లిష్ నొక్కాడు. పక్క కంప్యూటర్లో చూశాడు, బాగుంది. ఎదురు సందులోని డీటీపీ సెంటర్‌కు పోయి చూశాడు, అక్కడా బాగుంది.

కొన్నాళ్లకు నిజంగానే షోలాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ తరతరాలుగా మగ్గాలు నేసే తెలుగువాళ్లు గుడి కడుతున్నారు. దశావతారాలు పదీ కావాలి. నెట్‌లో నంబరు దొరికిందని, సైటు ఇంకా చూడలేదని, అది చూసి అహోబిలం వచ్చినప్పుడు కలుస్తామని అన్నారు.

“ఈ పని కుదిరితే కొట్టంలోనే ఒక కంప్యూటర్ పెడతా” అన్నాడు ఓబులాచారి. “నువ్వు ఈడనే కూసో. సైటు నీది, రాళ్లు నావి. ఆ పెండ్లి కార్డుల పీడ వదిలించుకో.”

ఆ మాట పట్టుకుని ఇస్సాకు రోజులు లాగాడు. ఆనందరావు ఏమన్నా పట్టించుకోవడం మానేశాడు.

షోలాపూర్‌వాళ్లు వచ్చిన రోజు ఇస్సాకు చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆళ్లగడ్డలో దిగాడు. కమిటీ పెద్దాయన జీపు దిగి, కొట్టమంతా ఒకసారి తిరిగి, నిలబడే మాట్లాడాడు.

“పని వేరేచోట ఇచ్చేశామండీ. ఫోన్ చేసి మాట ఇచ్చాం గదా, చెప్పకుండా పోతే బాగుండదని దిగాం.”

“ఏం తప్పు జరిగిందప్పా?” అన్నాడు ఓబులాచారి.

“సైటులో అన్నీ గుడ్డి విగ్రహాలే ఉన్నాయి. సగం పని చేసి వదిలేస్తారేమో అనుకున్నాం.”

“అదంతా రాసినాం గదా. ఈ పిల్లోడు సక్కగా రాసినాడు.”

“ఏం రాశాడు? ఏ భాష అది? మా కోడలు వైరస్ అని మూసేసింది.”

“తెలుగే సార్” అన్నాడు ఇస్సాకు.

“మేము ఇంట్లో మాట్లాడేదీ తెలుగే బాబూ. తెలుగు మాకు తెలియదా?”

అందరూ కలిసి నాలుగు రోడ్ల దగ్గరున్న నెట్ సెంటర్‌కు పోయారు. ఇస్సాకు సైటు తెరిచాడు. ఫోటోలు వచ్చాయి. వాటిపైన, తను రాసిన చోట, నెత్తిన చుక్కలూ కొమ్ములూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, తెగిన గీతలు బారులు తీరి ఉన్నాయి. ఒక్క తెలుగు అక్షరం లేదు.

అతనికి అప్పుడు అర్థమైంది. శుభలేఖలు కొట్టే ఫాంటుతోనే సైటంతా రాశాడు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు. నంద్యాలలో ఏ డీటీపీ సెంటర్‌కు పోయినా ఉంటుంది కాబట్టి, అతను చూసిన చోటల్లా బాగానే కనబడింది. ఆ సందులు దాటితే లోకంలో ఎవరికీ కనబడలేదు. కండ్లు ఎందుకు లేవో చెప్పే మాటే కనబడకుండా పోయింది.

“ముందే ఫోన్లో అడగాల్సింది” అన్నాడు పెద్దాయన మెల్లగా. “పని మాత్రం బాగుంది.” జీపు అహోబిలం దోవ పట్టింది.

“మళ్లీ టైపు చేస్తా సామీ” అన్నాడు ఇస్సాకు. “యూనికోడ్ అని ఉంది. దాంట్లో రాస్తే అందరికీ కనబడతాది.”

ఓబులాచారి కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఇస్సాకు ఏదో ఒకటి తిరిగి అనేవాడు.

“ముక్కు యిరిగిన విగ్రహాన్ని అతికిచ్చి ఇయ్యం అబ్బీ. యేట్లో కలుపుతాం. పదిమందీ ‘గుడ్డి దేవుళ్లు’ అని నవ్వుకున్నాక మళ్లీ ఏం సూపిస్తావ్? తీసెయ్.”

“ఒక్కసారి సామీ...”

“తీసెయ్ నాయనా.”

అక్కడే లాగిన్ అయ్యాడు. ‘అడ్మినిస్ట్రేటర్ ఇస్సాకు’ అని మూలన వచ్చింది. ఆ పేరు ఇంగ్లీషులో ఉంది కాబట్టి అక్కడా చక్కగానే కనబడింది. తీసేస్తే తిరిగి రాదు, సరేనా అని కంట్రోల్ ప్యానెల్ అడిగింది. వెనక ఓబులాచారి నిలబడి ఉన్నాడు. ఇస్సాకు సరే అన్నచోట నొక్కాడు.

మర్నాడు సెంటర్‌లో ఆనందరావు ఒక చీటీ ముందుకు తోశాడు. “ఆచారి ఫోన్ చేసినాడు. విజిటింగ్ కార్డులు కావాలంట. తొందరగా కొట్టు.”

ఇస్సాకు అదే ఫాంటు తెరిచాడు. ‘ఓబులాచారి, శిల్పి, ఆళ్లగడ్డ’ అని కొట్టి ప్రింట్ ఇచ్చాడు. కాగితం బయటికొచ్చింది. కొమ్ములతో, ఒత్తులతో అక్షరాలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పు పడలేదు.