మా మరిది రాజైన చలికాలం

నేను చదివింది మూడో తరగతే. అయినా మా మరిది సంగతి నాకంటే బాగా రాసేవాళ్లు లేరు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి ఆరేళ్లు. ముక్కు తుడిచి పెంచిందాన్ని నేనే. ఆ ముక్కు ముసలితనం దాకా కారితే నా తప్పు కాదు.

వాడు బస్సు కండక్టరు. ఏటా చలికాలంలో వాళ్ల డిపోలో నాటకం వేస్తారు. రాజు వేషం వీడికే ఇస్తారు. సరిగ్గా వారం ముందు బస్సులో జనం జలుబంతా వీడికి అంటుకుని గొంతు పూడుకుపోతుంది. టిక్కెట్లు సైగలతో ఇస్తాడు, బస్సు ఈలతో నడిపిస్తాడు: ఒకటి ఊదితే ఆపమని, రెండు ఊదితే పోనివ్వమని. వేషం వాడి బస్సు డ్రైవరు కొట్టేస్తాడు. ఇరవై రెండేళ్లు ఇదే తంతు. డిపోలో అందరూ వాణ్ణి మూగరాజు అనేవాళ్లు.

మహమ్మారి వచ్చాక అందరి మూతులకూ మాస్కులు, సీటుకొక్కరే మనిషి. రెండు చలికాలాలు వీడు ఒక్క తుమ్ము తుమ్మలేదు. గొంతు ఖంగున మోగేది.

"వదినా, ఇప్పుడు చూడు నా రాజుని!"

"ఎవరికి చూపిస్తావయ్యా? నలుగురు గుమిగూడితే పోలీసులొస్తున్నారుగా!"

పాపం, నాటకమంతా నాకూ నా గిన్నెలకూ వినిపించాడు.

మూడో ఏడు మాస్కులు తీసేశారు, నాటకం పెట్టారు. అంతే, ఇన్నాళ్లూ జాడలేని జలుబులన్నీ కట్టగట్టుకుని దిగాయి. "ఒళ్లు వీటిని మరిచిపోయిందమ్మా, అందుకే ఇంత విసురుగా వచ్చాయి" అంది డాక్టరమ్మ. నేను మరిదిని పిలిచాను.

"తెర లేచేదాకా మాస్కు తీశావో, నా గుమ్మం తొక్కకు."

"మరి తిండో?"

"తిని మళ్లీ కట్టుకో!"

వారం తిరిగేసరికి మంత్రికి దగ్గు, సేనాపతికి జ్వరం, డ్రైవరుకి గొంతే లేదు. వీడు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు.

తెర లేచింది. కిరీటం, కత్తి, మూతికి మాస్కు! తీయడం మరిచిపోయాడు. "ఎవరక్కడ!" అన్నాడు. మాస్కులోంచే ఆఖరి వరుస దాకా వినబడింది.

"రాజుగారూ, మాస్కు!" అని జనం ఒకటే గోల. గబుక్కున పీకాడు. దాంతోపాటు అంటించిన మీసమూ ఊడొచ్చింది. వాడు చలించలేదు.

"మీసం పోతే పోయింది, గొంతుంది!" అని గర్జించాడు.

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. ముందు వరుసలో డ్రైవరుకి కేక వేయడానికి గొంతు లేదాయె. వేషం కట్టేముందు మా వాడు దాచమని తనకిచ్చిన కండక్టరు ఈలని అతనే జేబులోంచి తీసి రెండుసార్లు గట్టిగా ఊదాడు, ఇక పోనివ్వమని.