చెవిలో పచ్చబొట్టు

మా పక్కింటి హిలరీ ప్రెవెట్ పందొమ్మిదేళ్లు నాతో అబద్ధమాడింది. బఠాణీల ఫ్యాక్టరీలో పని అనేది. పెళ్లి చేసుకోలేదు, చర్చికి రాదు, పబ్బు మొహం చూడదు. మంగళవారం నాలుగింటికి మాత్రం మా ఇంట్లో టీ తాగేది. ఈ వీధిలో ఆమె తొక్కిన గడప నాదొక్కటే.

ఒక ఏప్రిల్‌లో బీగిల్ కుక్కను తెచ్చుకుంది. పేరు మోస్. ఆరేళ్లొచ్చినా దానికి మెట్లెక్కడం తెలియదు.

"ఇదేం కుక్కే తల్లీ, గడ్డిని చూసి కూడా జడుసుకుంటోంది?" అన్నాను.

"ఫ్లాట్‌లో పెరిగిందిలే," అంది.

నా బిస్కెట్ల రుచి మరిగాక, మంగళవారం అదే ఆమెను మా గేటుకు లాక్కొచ్చేది.

జూన్‌లో ఇద్దరం మా పెరట్లో టీ తాగుతూ కూర్చుని ఉంటే మోస్ చెవి రుద్దుకుంటోంది. గడ్డి ముల్లేమోనని చెవి మడిచి చూశాను. లోపల పచ్చబొట్టు, ఐదంకెలు. ఊరి బయట ఇలాంటి కుక్కల మీద మందులు పరీక్షించే ప్రయోగశాల ఉంది. శనివారాలు దాని గేటు ముందు అట్టలు పట్టుకుని అరిచేవాళ్లలో నేనూ ఒకదాన్ని. మా కరపత్రాల మీదా ఇలాంటి చెవే ఉంటుంది.

"ఎన్నాళ్లుగా అక్కడ పని?" అని అడిగాను.

"మొదటినుంచీ. వాటికి తిండి పెట్టడం, కడగడం నా పని. దీన్ని అడిగి తెచ్చుకున్నా."

"మరి మిగతావి?"

హిలరీ కప్పు కింద పెట్టింది. "చివర్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలిగా, డోరిన్. నేనుండేదాన్ని."

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే శనివారాలు నేను తిట్టింది నిన్నే."

"ఊఁ. కారులో తల వంచుకునేదాన్ని. మంగళవారం మళ్లీ వచ్చేదాన్ని."

"ఇక రాకు," అన్నాను. బతిమాలుతుందనుకున్నాను. కుక్కను తీసుకుని వెళ్లిపోయింది.

అక్టోబరులో సర్వే అంటూ ఒకావిడ వచ్చింది. గుండె జబ్బు మందుల కోసం జంతువుల మీద పరిశోధన మీకు సమ్మతమేనా అని అడిగింది. నా గుండె మాత్రల డబ్బా బల్ల మీదే ఉంది.

"పేరు రాయరుగా?"

"రాయమండీ."

"వేరే దారి లేకపోతే సమ్మతమే. రాసుకోండి."

ఆవిడ వెళ్లాక కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ రోజు మంగళవారం, నాలుగు కావస్తోంది. మోస్ మా గేటు ముందు ఆగి చతికిలబడింది. హిలరీ గొలుసు లాగింది. అది కదల్లేదు. ఆమె మా ఇంటి వైపు తలెత్తి చూడకుండానే దాన్ని ఎత్తుకుని సాగిపోయింది. బిస్కెట్ల డబ్బా నా చేతికందేంత దూరంలో ఉంది. సిగ్గేసింది. తలుపు తీయలేదు.