రిజిస్టరులో ఇద్దరు రూతులు

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో శుభ్రం చేసే ఆడవాళ్ల మీద సూపర్‌వైజర్‌గా ఆరేళ్లు చేశాను. వాళ్లు చెప్పుకునే కథలు ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ కాదు. మరేమిటని అడిగితే మాత్రం చెప్పలేను.

మా అమ్మ సంతోషమ్మ 2010లో పోయింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాకు పెళ్లి కాలేదు, తోబుట్టువులు లేరు. కిరాయి గదికి తాళం వేసేదీ నేనే, తీసేదీ నేనే. ఒకసారి ఆస్పత్రి ఫారంలో ‘దగ్గరి బంధువు’ అన్నచోట ఎవరి పేరు రాయాలో తెలియక వదిలేశాను. ఆ ఖాళీ గడి చాలా రోజులు మనసులో మెదిలింది. మావాళ్లు ఎవరెవరో కనీసం పేర్లయినా రాసిపెట్టుకుందామని, అమ్మ పోయిన మరుసటి ఏడాది మా ఊరి చర్చికి వెళ్లాను.

మా ఊరు శంషాబాద్‌కు అరగంట దూరం. పాత బాప్తిస్మాల రిజిస్టరు పాస్టర్‌గారి గదిలో ఇనప్పెట్టెలో ఉంటుంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. సిరా వెలిసిపోవడంతో ఆయన పుస్తకాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని ఒక్కొక్క పేరే చదివారు. నేను పక్కనే నిలబడి చూస్తూ నోటుబుక్కులో రాసుకున్నాను. తాత, చిన్నతాత, ఎన్నడూ చూడని మేనత్తలు.

తర్వాత నా పేరు వచ్చింది. రూతు, తండ్రి దానయ్య, తల్లి సంతోషమ్మ. కానీ పుట్టిన తేదీ నాది కాదు. నాకన్నా మూడేళ్లు ముందుది. నాలుగు పేజీల తర్వాత మళ్లీ అదే పేరు, అదే తల్లిదండ్రులు. ఈసారి తేదీ నాదే. వరుస నంబరు 112.

“కంగారుపడకమ్మా,” అన్నారు పాస్టర్‌గారు. “పాత పుస్తకాల్లో ఇలాంటివి కనబడుతూనే ఉంటాయి. బిడ్డ బతకదనుకుంటే ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చేసేవారు. కోలుకుంటే మళ్లీ చర్చిలో ఇచ్చేవారు. లేదంటే మొదటి బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టుకునేవారు.”

చర్చి ఊడ్చే ముసలామె సారమ్మత్తను పిలిచి అడిగాం. ఆమె చీపురు కింద పెట్టేసింది.

“మీ అమ్మ చెప్పనేలేదా బిడ్డా? పెద్దపిల్ల జ్వరమొచ్చి పోయింది. రెండు నెలలకు నువ్వు పుట్టినవ్. ఆ పేరే పెడ్తనని మీ అమ్మ పట్టువట్టింది. నీకు బాప్తిస్మమైన దినం నిన్ను ఎత్తుకొని నిలబడ్డది నేనే.”

నలభై ఏళ్లొచ్చాక నాకో అక్క దొరికింది. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

తర్వాతి గురువారం మిగిలిన పేర్ల కోసం మళ్లీ వెళ్లాను. పాస్టర్‌గారు పెట్టె తెరిచారు. ముందు మా ఇద్దరి పేర్లూ ఇంకోసారి చూస్తానన్నాను. అక్క పేరు ఉన్నచోటే ఉంది. నాలుగు పేజీలు తిప్పారు. 112 దగ్గర యాకోబు అనే పిల్లవాడి పేరుంది. అక్కడ రాసి ఉన్న తల్లిదండ్రులు ఎవరో మాకు తెలియదు.

దాని పైపేరు, కిందిపేరు నేను రాసుకున్నట్టే ఉన్నాయి. అదే చేతిరాత, అంతే వెలిసిన సిరా. గీకిన గుర్తు లేదు. పుస్తకం కుట్టు ఊడలేదు.

పాస్టర్‌గారు కళ్లద్దాలు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికారు. గంటన్నర పట్టింది. “నేనే కదమ్మా చదివాను,” అన్నారు. “నా నోటితో నేనే చదివాను.”

నా నోటుబుక్కులో 112 ఎదురుగా నా పేరే ఉంది.

ఆయన పుస్తకం మూసి మెల్లగా అన్నారు. “నీకు ఇష్టమైతే మళ్లీ బాప్తిస్మం ఇస్తాను. కొత్త రిజిస్టరులో రాస్తాను.”

సారమ్మత్తకు కోపమొచ్చింది. “మళ్ల ఎందుకయ్యా? నీళ్లు పడంగనే నా కొంగు పట్టుకొని ఏడ్చింది ఈ పిల్ల. పుస్తకంల లేకుంటే ఏంది?”

నేనూ వద్దన్నాను. అమ్మ ఒకసారి ఇప్పించింది. మళ్లీ తీసుకుంటే అది జరగలేదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆ తర్వాత రెండేళ్లపాటు సెలవు దొరికినప్పుడల్లా సారమ్మత్త దగ్గరికి వెళ్లేదాన్ని. అక్క ఎట్లా నడిచేదో, నేను ఎట్లా ఏడ్చేదాన్నో అడిగి అడిగి చెప్పించుకునేదాన్ని. చెప్పిందే చెప్పినా విసుక్కునేది కాదు. 2013లో ఆమె కూడా పోయింది. పాస్టర్‌గారికి వేరే ఊరికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన నా కోసం ఓపిగ్గా మళ్లీ వెతికారు. ఒక్క రూతే ఉందన్నారు.

పొరపాటుగా చదివి ఉంటారని తెలిసినవాళ్లు అంటారు. కావచ్చు. ఆయన చదివిన పొరపాటే నా కళ్లకూ ఎట్లా కనబడిందో, నేను పుట్టిన తేదీ ఆయన నోట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చనిపోయిన పిల్ల ఆ పుస్తకంలో ఉంది. బతికున్న నేను లేను. నన్ను ఎత్తుకుని నిలబడ్డానని చెప్పే మనిషి కూడా ఇప్పుడు లేదు.